అనంతపురం అయితే మేలు

జూన్ 8, ఆదివారం

బాస్కెట్‌బాల్‌లో కడప అమ్మాయిలను ఓడించాం. మా గ్రూపులో మేమే మొదటి స్థానం. "మేము" అని రాస్తున్నాను గానీ నేను బంతి ముట్టుకున్నది లేదు. చిత్తూరు మునిసిపల్ గ్రౌండు మెట్ల మీద కూర్చుని అరిచాను, అంతే. గొంతు పోయింది. రేపు ఫ్యాక్టరీలో అడిగితే మామిడి గుజ్జు రుచి చూసీ చూసీ పట్టుకుపోయిందని చెప్పాలి.

మ్యాచ్ అయ్యాక అలవాటు ప్రకారం సైఫుల్లా అన్న పరుపుల అంగట్లో చేరాం. బూరుగు దూది కుక్కిన కొత్త పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే, అన్నిటికన్నా ఎత్తుది అలివేలమ్మ టీచర్‌కు వదిలేస్తాం. రిటైరయ్యేదాకా డ్రిల్లు టీచరు. మా జట్టులో సగం మంది ఆమె చేతి కింద ఆడటం నేర్చినవాళ్ళే. కండక్టర్ మునిప్రసాద్ డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చాడు.

ఇక సెమీఫైనల్. మాకు ఎదురయ్యేది అవతలి గ్రూపులో రెండో జట్టు. మొదటి స్థానం కర్నూలు ఎప్పుడో పట్టేసింది. రెండోది నెల్లూరా, అనంతపురమా అన్నది తేలలేదు. నెల్లూరుకు కర్నూలుతో ఒక మ్యాచ్ మిగిలింది. గెలిస్తే నెల్లూరు మా మీదికి వస్తుంది. ఓడితే అనంతపురం వస్తుంది.

"నెల్లూరే రావల్లబ్బా," అన్నాడు సైఫుల్లా అన్న. "ఆ పిల్లోల్లు మొదట్లో గుర్రాల మాదిరి పరిగెత్తుతారు. రెండో సగానికి దమ్ముండదు. మన భానుప్రియ ఒక్కతే సాలు వాళ్ళకి."

"అనంతపురం వస్తే?" అన్నాడు మునిప్రసాద్.

"రాకూడదు. ఆ ఎడం చేతి పిల్ల ఉండాది సూడు, యాడ నుంచి దూరుతాదో, ఎప్పుడు ఎగురుతాదో దేవుడికే ఎరుక."

"అనంతపురమే మేలు," అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. వాళ్ళు పొడుగే గానీ వెనక్కి తిరిగి రావడంలో మందం అన్నాను. బంతి పోయాక కాపలాకు చేరేలోపు మన వాళ్ళు బుట్టలో వేసేయొచ్చు అన్నాను. ఆ ఎడమ చేతి అమ్మాయి ఎంత బాగా ఆడినా ఒక్కతే కదా అన్నాను.

"ఏమోమ్మా, రెండేండ్ల కిందట ఫౌల్ అంటే ఏందని అడిగినావు నన్ను," అని నవ్వింది అలివేలమ్మ టీచర్. "ఇప్పుడు నాకే పాఠం సెప్తాండావు."

ఇంటికి వస్తూ మళ్ళీ ఆలోచించాను. నేను చెప్పిన కారణాలు సరైనవే. ఆట తెలిసిన వాళ్ళెవరైనా ఒప్పుకుంటారు.

జూన్ 9

లారీలు గేటు దాటి రోడ్డు మీదిదాకా నిలబడ్డాయి. ఎటు చూసినా తోతాపురి మామిడే. ల్యాబులో కూర్చునే తీరిక లేదు.

అనంతపురమే మేలు.

జూన్ 10

ఇది ఎవరూ చదవరు. ఇక్కడ కూడా దాచుకోవడం దేనికి?

ఆ ఎడమ చేతి అమ్మాయి కోమలి. నా కూతురు.

పరుపుల అంగట్లో ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీలో కూడా తెలియదు. చిత్తూరు వచ్చిన కొత్తలో ఎవరూ అడగలేదు, తర్వాత చెప్పే సందర్భం రాలేదు. సందర్భం వచ్చినా చెప్పలేదు, సరే.

ధనంజయ చెడ్డవాడని ఎప్పుడూ అనను. మా ఇద్దరికీ పొసగలేదు. విడిపోయేటప్పుడు జడ్జిగారు కోమలిని తన గదిలోకి పిలిపించుకుని, ఎవరి దగ్గర ఉంటావమ్మా అని అడిగారు. నాయన దగ్గర అంది. బడీ, స్నేహితులూ, ఆటా అన్నీ అనంతపురంలోనే. నేను సరే అన్నాను. పిల్ల కోరింది ఇవ్వడం కంటే తల్లి చేయగలిగింది ఏముంది? అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఒక్క అరుపు లేకుండా, కన్నీరు లేకుండా జరిగిపోయిందని లాయరు అన్నాడు.

ఫోన్ చేసేదాన్ని. "ఊఁ." "తిన్నా." "సరే." పోయిన ఏడాది నుంచి అదీ లేదు. నంబరు మార్చుకుంది. కొత్తది ఇవ్వమని ధనంజయను అడిగాను.

"ఇయ్యొద్దనింది. నన్నేం చేయమంటావు పంకజా?" అన్నాడు. గొంతు చూస్తే అతనికీ బాధగానే ఉంది.

అనంతపురం జట్టు ఫోటో పేపర్లో చూశాను, రెండేళ్ళ కిందట. వెనుక వరుసలో ఒక చివర నిలబడి ఉంది. ఆ వారమే మునిసిపల్ గ్రౌండులో నడక మొదలుపెట్టాను. నడవడానికే వెళ్ళాను. బాస్కెట్‌బాల్ ఆడేచోట మెట్లుంటే కాళ్ళు లాగి కూర్చున్నాను. అలా మొదలైంది.

అనంతపురం బస్సు ఎక్కి వాళ్ళింటికి పోవచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. పిలవని ఇంటికి ఎలా వెళ్ళేది? మ్యాచ్‌కయితే ఎవరూ పిలవనక్కర్లేదు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు.

జూన్ 12, గురువారం

నెల్లూరు, కర్నూలు మ్యాచ్ ఈ సాయంత్రం. నెల్లూరులోనే ఆట. సైఫుల్లా అన్న బామ్మర్ది నిస్సార్ అక్కడే ఉంటాడు. గ్రౌండు నుంచి ఫోన్ చేసి చెబుతూ ఉంటే, అన్న ఫోన్ స్పీకర్ పెట్టి పరుపు మీద ఉంచాడు. మేమంతా దాని చుట్టూ. అన్న వాళ్ళమ్మ మహబూబ్ బీ మూలన కూర్చుని పెద్ద సూదితో పరుపు అంచు కుడుతోంది. ఆమెకు ఆట అంటే పడదు. "బుట్టకు అడుగే లేదు, దాంట్లో బాల్ ఏసేదెందుకు?" అంటుంది.

చివరి క్వార్టర్ మొదట్లో నెల్లూరు ముందుంది. అందరి ముఖాలూ వికసించాయి. నేను కూడా చప్పట్లు కొట్టాను. కొడుతూ, కర్నూలూ కర్నూలూ అని లోపల జపం చేస్తున్నాను. నిజంగానే నెల్లూరుకు దమ్ము అయిపోయింది. అన్న చెప్పింది చెప్పినట్టు. ఒక్కొక్క పాయింటే కరిగిపోతూ వచ్చింది. ఆఖరికి నిస్సార్ గొంతు వినిపించింది, "పాయ బావా. కర్నూలు గెలిసింది."

మునిప్రసాద్ తలపట్టుకున్నాడు. నేను "అయ్యో" అన్నాను. కొంచెం ఆలస్యంగా అన్నాను.

మహబూబ్ బీ సూది ఆపి నన్నే చూస్తోంది.

"అందురూ ఏడుస్తాంటే నీ మొగం ఒక్కటే దీపం పెట్టినట్టుండాది బిడ్డా. ఆ అనంతపురమోల్లలో నీకెవరుండారు?"

అబద్ధం చెప్పొచ్చు. నోరు తెరిచాక మాత్రం నిజమే వచ్చింది. "ఆ ఎడం చేతి పిల్ల నా కూతురు పెద్దమ్మా."

సైఫుల్లా అన్న ఫోన్ కట్ చేయడం కూడా మరిచిపోయాడు. అవతల నిస్సార్ "ఏంది, ఏంది?" అంటూనే ఉన్నాడు.

"ఇన్నాళ్ళూ మాకొక్క మాట సెప్పలేదేమ్మా?" అన్నాడు అన్న. కోపమొచ్చిందనుకున్నాను. అంతలోనే ముందుకు జరిగి కూర్చున్నాడు. "అట్లయితే నీకు తెలుసు కదా! ఎట్లాడతాది, యాడ తడబడతాది, దేనికి బెదురుతాది? సెప్పు. భానుప్రియకు సెప్దాం."

చెబుదామనే అనుకున్నాను. ద్రోహమని కూడా తోచలేదు. కానీ చెప్పడానికి ఏముంది? వంకాయ తినదు. దుప్పటి కప్పితే ఒక కాలు బయటే పెట్టి పడుకుంటుంది. పిడుగు పడితే చెవులు మూసుకోదు, కళ్ళు మూసుకుంటుంది. అవన్నీ పన్నెండేళ్ళ పిల్ల సంగతులు. ఇప్పుడు వంకాయ తింటుందేమో. ఎవరైనా తోస్తే తిరిగి తోస్తుందో, పక్కకు తప్పుకుంటుందో నాకు తెలియదు. సైఫుల్లా అన్నకు పేపరు చదివి తెలిసినంతే నాకూ తెలుసు.

"నాకేం తెలీదన్నా," అన్నాను.

అన్న తల దించుకున్నాడు. తర్వాత అలివేలమ్మ టీచర్ ఒక్కతే నాతో వీధి చివరిదాకా వచ్చింది.

"పంకజా, ఒక మాట అడుగుతా, తప్పనుకోవద్దు. ఆదివారం నువ్వు ఏ పక్క?"

"మన పక్కనే టీచరమ్మా."

"మంచిది," అంది. నమ్మినట్టు లేదు. నేను మాత్రం నమ్మాను. భానుప్రియ మోకాలికి ఎన్నిసార్లు ఐసు పెట్టాను! ఆ అమ్మాయి ఓడిపోవాలని ఎలా కోరుకుంటాను?

జూన్ 13

మేనేజర్ హరినాథ్ సారు దగ్గరికి సెలవు కోసం వెళ్ళాను. సీజన్లో సెలవంటే ఆయనకు గుండెనొప్పి వస్తుంది.

"ఆదివారమా? లారీలు సూసినారా బయట? ఏం పని?"

"తిరుపతిలో మ్యాచ్ ఉండాది సార్."

"మ్యాచా!"

"మా అమ్మాయి ఆడతాంది సార్."

ఆయన కళ్ళజోడు తీశాడు. "మీకు అమ్మాయుందా?"

"ఉంది సార్," అన్నాను. నిన్నటిదాకా ఆ మాట పైకి అని ఎన్నాళ్ళయిందో. గది బయటికి వచ్చాక కూడా నోట్లో తీపిగా ఉండిపోయింది. పక్క బల్ల రూపశ్రీ నా షిఫ్టు తాను చేస్తానంది. కారణం అడగలేదు. మంచి పిల్ల.

జూన్ 14

మన జట్టు రంగు పచ్చ. అనంతపురం వాళ్ళది ఎరుపు. నా దగ్గర రెండు రంగుల చీరలూ ఉన్నాయి. పచ్చది తీశాను, ఇస్త్రీ చేశాను. బూడిద రంగుది కూడా ఇస్త్రీ చేశాను.

జూన్ 15, ఆదివారం

పచ్చదే కట్టుకున్నాను.

బస్సులో మునిప్రసాద్ నాకు కిటికీ సీటు ఇచ్చాడు. చంద్రగిరి దాటేదాకా ఎవరూ ఆట ఊసెత్తలేదు. నాకోసమే ఎత్తలేదని అర్థమై నేనే మొదలుపెట్టాను. "అనంతపురం వాళ్ళు జోన్ కడతారు, తలా ఒక మూల కాస్తారు, మన వాళ్ళు దూరం నుంచి వేయల్ల," అన్నాను. అప్పుడు తేలికపడి అందరూ ఒకేసారి మాట్లాడారు.

ఇండోర్ స్టేడియంలో మా వాళ్ళంతా ఒక పక్క కూర్చున్నాం. ఎదురుగా ఆటగాళ్ళ బల్లలు. ఎర్ర జట్టు వరుసగా వచ్చింది. ఒక్కొక్క ముఖమే వెతికాను. లేదు. చివర, అందరికంటే వెనకగా, కుంటుకుంటూ వచ్చింది. జెర్సీ మీద జాకెట్ వేసుకుని ఉంది. కుడి మడమకు కట్టు. నేరుగా వెళ్ళి బల్ల మీద కూర్చుంది.

"అబ్బ! ఎడం చేతి పిల్ల ఆడటం లేదు!" అని సైఫుల్లా అన్న లేచి అరిచాడు. వెంటనే నన్ను చూసి కూర్చుండిపోయాడు. "పాపం, కాలికేమైందో," అన్నాడు మెల్లగా.

ఆట చూడాలని వచ్చాను. ఎగిరితే ఎలా ఉంటుందో, బంతి వేసేటప్పుడు ముఖం ఎలా పెడుతుందో చూడాలని రెండేళ్ళుగా అనుకున్నాను. ఆ చూపు దక్కలేదు. కానీ ఆడి ఉంటే పరుగులో ముక్కలు ముక్కలుగా కనిపించేది. ఇప్పుడు నాకు ఎదురుగా, కదలకుండా కూర్చుంది. చూసుకున్నాను. జుట్టు మెడ వరకు కత్తిరించింది. దవడ అచ్చం ధనంజయదే. టవల్ కొస నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. వాళ్ళ జట్టులో ఎవరైనా తప్పు చేస్తే ముందుకు వంగి ఎడమ చేయి చాపి "అక్కడ! అక్కడ!" అని అరుస్తోంది. మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అంతసేపు ఎదురుగా కూర్చుని ఒక్కసారి కూడా చూడకపోవడం కష్టం. నేను ఎక్కడున్నానో ముందే చూసి, కావాలనే ఇటు తిరగకుండా ఉండి ఉంటుంది.

మా వాళ్ళు బాగా ఆడారు. నేను అరిచానని మునిప్రసాద్ అంటాడు. నాకు గుర్తు లేదు.

మూడో క్వార్టర్‌లో మా ఆధిక్యం పెరుగుతుంటే పక్కనెవరో, "ఓడితే ఈ రాత్రికే బండెక్కుతారు పాపం," అన్నారు. అప్పుడు తట్టింది. మేము గెలిస్తే వాళ్ళు వెళ్ళిపోతారు. వాళ్ళు గెలిస్తే ఫైనల్ దాకా, మంగళవారం దాకా, తిరుపతిలోనే ఉంటారు. వారం రోజులు అనంతపురం అనంతపురం అని కలవరించాను గానీ, ఎదురెదురుగా ఆడే రెండు జట్లలో ఒకటి ఇంటికి పోక తప్పదని ఒక్కసారైనా అనుకోలేదు.

ఆఖర్లో అనంతపురం దగ్గరికి వచ్చింది. భానుప్రియకు రెండు ఫ్రీ త్రోలు. అవి పడితే ఆట మాది. తప్పిపోవాలని కోరుకున్నాను. ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను? ఆ అమ్మాయి మోకాలికి ఐసు పెట్టిన చేతులతోనే కొంగు పిండుకుంటూ, తప్పిపోవాలని కోరుకున్నాను.

రెండూ పడ్డాయి.

అందరూ ఎగిరి గంతులేశారు. సైఫుల్లా అన్న గంతులేయలేదు. నా పక్కన కూర్చుని, "కిందికి దిగమ్మా. ఇంకెప్పుడు దిగుతావు?" అన్నాడు.

దిగాను. బ్యాగు సర్దుకుంటోంది. నన్ను చూసి ఆగింది.

"వచ్చినావా?" అంది.

"కాలికేమైంది?"

"బెణికింది. ప్రాక్టీసులో."

"వాపుందా?"

"ఉండాది."

అంతే. ఫోన్‌లో మాదిరే ఇక్కడా అయిపోయింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే బ్యాగు భుజానికి వేసుకుంటుంది. ఎలా ఉన్నావు, బాగా చదువుతున్నావా, నాయన బాగున్నాడా, ఇవేవీ నాలుక మీదికి రాలేదు.

"మీ జోన్‌లో కుడి మూల ఖాళీగా ఇడిసిపెట్టినారు," అన్నాను. "మావోల్లు రెండో క్వార్టర్ నుంచి ఆడనుంచే వేసినారు."

తలెత్తింది. "నీకెట్లా తెలుసు?"

"సూస్తా ఉంటా."

"ఎప్పట్నుంచి?"

"రెండేండ్లాయ."

"ఎందుకు?"

"ఊరికే."

బ్యాగు మళ్ళీ కింద పెట్టింది. "ఆ మూల నాది. నేనుంటే ఖాళీ ఉండదు," అంది.

"తెలుసు."

వాళ్ళ బస్సు ఇంకా రాలేదు. రెండో సెమీస్ మొదలవుతోంది, కర్నూలుకూ కడపకూ. కింది వరుసలో నా పక్కన కూర్చుంది. ముందు కుర్చీ లేదు. కాలు ఎత్తి పెట్టుకోవాలని డాక్టర్ చెప్పాడంది. నా ఒళ్ళో పెట్టమన్నాను. కాసేపు తటపటాయించి పెట్టింది. పెద్ద కాలు. నా కాలి కంటే పెద్దది.

కర్నూలు ఆట గురించి చెబుతూ పోయింది. ఎవరు ఎటు తిరుగుతారో, ఎవరికి కోపం ఎక్కువో. చిత్తూరు గెలవాలంటే ఏం చేయాలో కూడా చెప్పింది. నేను వింటూ మడమ మీద చేయి ఆనించి కూర్చున్నాను. ఉన్నట్టుండి, ఆట మీది నుంచి చూపు తిప్పకుండానే అంది.

"జడ్జి అడిగినప్పుడు నాయన కాడ ఉంటా అన్నా. నువ్వు సరే అన్నావు."

"నువ్వు కోరిందే కదా ఇచ్చినా."

"ఒక్క మాట, వద్దు, నాతో రా అనలే. అనింటే వచ్చింటానో లేదో నాకే తెలీదు. ఆ రోజు రాత్రి దాకా సూసినా, అంటావేమో అని. నువ్వు బట్టలు మడత పెట్టుకుంటా ఉండావు."

"నిన్ను బలవంతం చేసినట్టు అవుతాదని..."

"పన్నెండేండ్ల దాన్ని మా."

కర్నూలు వాళ్ళెవరో బుట్టలో వేశారు, జనం అరిచారు.

తలుపు దగ్గర నుంచి వాళ్ళ కోచ్ పిలిచింది. "కోమలీ, బస్సొచ్చింది!"

కాలు కిందికి దించింది. బ్యాగు అందుకుంది. నేను మణికట్టు పట్టుకున్నాను.

"పోవద్దు," అన్నాను.

"బస్సు పోతాది మా."

"తెలుసు. అయినా పోవద్దు."

గట్టిగానే అన్నట్టున్నాను. పైన మా వాళ్ళంతా తిరిగి చూశారు. కోమలి చేయి లాక్కోలేదు. కోచ్ మళ్ళీ పిలిచింది.

"రేపు డాక్టర్ కాడికి పోవల్ల మా," అంది, నేనే చిన్నపిల్లనన్నట్టు. జాకెట్ చేతితో ముఖం తుడుచుకుని, కుంటుకుంటూ వెళ్ళింది. తలుపు దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూసింది.

కర్నూలు గెలిచిందట. నేను చూడలేదు.

జూన్ 16

నంబరు అడగడం మరిచాను. రెండేళ్ళు ఎదురుచూసి వెళ్ళి, నంబరు అడగలేదు.

జూన్ 17, మంగళవారం

ఫైనల్‌కు వెళ్ళలేదు. రెండోసారి సెలవు అడగడానికి ముఖం చెల్లలేదు. సాయంత్రం ల్యాబులో ఉండగా సైఫుల్లా అన్న ఫోన్.

"పాయమ్మా. నాలుగు పాయింట్లు. నాలుగంటే నాలుగు. భానుప్రియ ఏడుస్తాంది, టీచరమ్మ ఏడుస్తాంది, ఈడ మునిప్రసాద్ గూడా..." అన్నాడు. అతని గొంతు కూడా అంతంతే. అమ్మాయిలను ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టి పంపమన్నాను. మహబూబ్ బీ అప్పటికే బిర్యానీ చేస్తోందట, గెలిచినా ఓడినా తినాల్సిందే కదా అని.

ఫోన్ పెట్టి బయటికి వచ్చాను. గేటు దగ్గర లారీలు హారన్లు కొడుతున్నాయి. మళ్ళీ మోగింది. తెలియని నంబరు. మామిడి రైతులెవరో అనుకుని ఎత్తాను.

"మీవోల్లు ఓడిపోయినారంట కదా," అంది కోమలి.

లారీకీ గోడకూ మధ్య నిలబడిపోయాను. "నాలుగు పాయింట్లు," అన్నాను.

"సూసినా. ఫోన్లో పెట్టినారు ఎవరో. నేను సెప్పినట్టు ఆడింటే గెలిసేవోల్లు. ఆ పొడుగు పిల్లకు కోపం తెప్పిచ్చమన్నా కదా, సెప్పినావా వాళ్ళకి?"

"సెప్పలే. మరిసిపోయినా."

"మరిసిపోయినావా!" అంది. నిజంగా కోప్పడింది. ఆ కోపం వింటూ ఉండిపోయాను. కాలు ఎలా ఉందని అడగాలి. డాక్టర్ ఏమన్నాడో అడగాలి.

"మా? ఉండావా?"

"ఊఁ."

"ఏడుస్తాండావా?"

"ఊఁ."

"ఓడిపోయినందుకేనా?"

"ఓడిపోయినందుకే," అన్నాను.

"సరే," అంది. ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.